ఇంగ్లండ్ పొలంలో దొరికిన ఈ ముక్క మధ్యయుగపు స్పర్‌దేనా?

దున్నిన పొలంలో దొరికిన రాగి మిశ్రమం ముక్క, ఒక చివర చీలిక, దానికి అడ్డంగా సన్నటి రంధ్రం అని మీరు అంటున్నారు కాబట్టి స్పర్ అయ్యే అవకాశం బాగానే ఉంది. స్పర్ అంటే గుర్రాన్ని అదిలించడానికి రౌతు మడమకు కట్టుకునేది: మడమను చుట్టే రెండు చేతులు, వెనక్కి పొడుచుకొచ్చే మెడ. పాతవాటిలో ఆ మెడ చివర ఒక్క ముల్లే ఉండేది. 13వ శతాబ్దం చివరికల్లా తిరిగే పళ్ల చక్రం వచ్చింది, 14వ శతాబ్దంలో అదే మామూలైపోయింది. మీ ముక్కలోని చీలిక ఆ చక్రం కూర్చునే చోటు, రంధ్రం దాని ఇరుసుది అయ్యుండాలి. అంటే ముల్లు రకం కాదు, దాని తర్వాతిది.

పొలంలోకి ఎలా వచ్చిందంటే, తోలు పట్టీ తెగి జారిపోయి ఉండొచ్చు, లేదా అప్పట్లో ఊళ్లలోని చెత్తా పేడా ఎరువుగా పొలాలకు తోలేవాళ్లు కదా, అందులో కలిసి వచ్చి ఉండొచ్చు. తర్వాత నాగలి దెబ్బలకు ఇలాంటివి విరిగిపోతాయి.

దయచేసి రుద్ది మెరిపించకండి, ఆకుపచ్చటి పైపొరతో పాటు బంగారు పూత ఆనవాళ్లు ఏమైనా ఉంటే అవీ పోతాయి. విడిగా దొరికిన రాగి వస్తువు సాధారణంగా 1996 ట్రెజర్ చట్టం (దొరికిన పాత నిధుల గురించి అధికారులకు తెలపాలనే చట్టం) కిందికి రాదు, అయినా పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పథకం) వాళ్ల స్థానిక అధికారికి చూపించండి. దొరికిన చోటు కచ్చితంగా రాసిపెట్టుకోండి, ఆ వివరం లేకపోతే ముక్క విలువ సగం పోయినట్టే.