డ్రైవరు బాబాయి జవాబులు: పులి కనబడకపోతే డబ్బులు దండగేనా?

(అటవీశాఖలో జీపు నడిపి రిటైరై, ఇప్పుడు ఆరిలోవలో ఉంటూ సంసారాలను అడవులకు తిప్పి తెస్తున్న మన డ్రైవరు బాబాయి ఈ నెల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: బాబాయిగారూ, నమస్కారం. మాది సీతమ్మధార. నేను, మావారు, పన్నెండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు, మా అత్తగారు. పోయిన వేసవిలో ఒక పులుల అడవికి వెళ్ళాం. పొద్దున్నంతా జిప్సీలో తిరిగితే రెండు నెమళ్ళు, బోలెడు దుప్పులు, నోటినిండా దుమ్ము! ‘పులేదీ’ అని బాబు ఒకటే ఏడుపు. మావారు ఆ ఖర్చు లెక్క ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. ఈ సంక్రాంతి సెలవులకు మా కారులోనే మధ్యప్రదేశ్‌లోని కాన్హా పులుల అడవికి వెళ్దామనుకుంటున్నాం. లోపల మన కారే నడుపుకోవచ్చా? అరవై ఎనిమిదేళ్ళ అత్తగారిని తీసుకెళ్ళొచ్చా? ఈసారైనా పులి కనబడాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: తల్లీ, ముందు మీ ఆయన చేత ఆ లెక్కల పుస్తకం మూయించండి. 2022 ఎండాకాలం ఆయనకు గుర్తుండే ఉంటుంది. కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు పులి దిగింది. బోన్లు పెట్టారు, ఎర కట్టారు, కెమెరాలు బిగించారు. ఫారెస్టు వాళ్ళు నిద్రాహారాలు మాని అడుగుజాడల వెంట తిరిగారు. అది బోనెక్కిందా? లేదు. తన దారిన తాను అనకాపల్లి జిల్లాలోకి నడిచొచ్చేసింది. ఊళ్ళ పక్కన తిరిగిన పులే అంతమందికి చిక్కకపోతే, 940 చదరపు కిలోమీటర్ల కాన్హా కోర్ (నడిమి) అడవిలో పులి మీ బాబు కోసం ఫలానా టైముకి రోడ్డు మీదకొస్తుందని నేనెలా మాటిచ్చేది? పులి గ్యారంటీ అని ఎవరైనా అంటే ఆ మనిషి బండి ఎక్కకండి.

మీ ఉత్తరంలో నాకు నచ్చని మాట ఒకటుంది. ‘బోలెడు దుప్పులు’ అని తేలిగ్గా రాసేశారు. బండి ఆపించాల్సింది అక్కడేనమ్మా. చుక్కల దుప్పుల మంద కనబడితే ఇంజను ఆపమనండి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. తలలు దించి మేస్తున్నాయా, సరే, ప్రశాంతం. నాలుగైదు ఒక్కసారి తలలెత్తి, చెవులు ముందుకు నిక్కించి, అన్నీ ఒకే వైపు చూస్తున్నాయా? అయితే మీరూ అటే చూడండి. అందులో ఒకటి ముందుకాలు నేలకేసి కొట్టి సన్నగా, పదునుగా ‘కూ’ మందంటే అటువైపు పొదలో ఏదో ఉన్నట్టే. పులి కావొచ్చు, చిరుత కావొచ్చు, రేచుకుక్కలైనా కావొచ్చు. ఒక్కోసారి దుప్పులు ఉత్తినే కూడా బెదురుతాయి.

చెట్టు మీద కొండముచ్చు ‘ఖక్ ఖక్’ మని దగ్గడం మొదలెడితే నమ్మకం ఇంకాస్త పెరగాలి, దానికి పైనుంచి అన్నీ కనబడతాయి కాబట్టి. ఈ రెండు జాతులకీ మంచి పొత్తు. కొండముచ్చులు పైన ఆకులూ కాయలూ తిని సగం కింద పారేస్తాయి, దుప్పులు వాటిని ఏరుకుంటాయి. కాపలా మాత్రం ఉమ్మడి: ఒకటి కంటితో, ఇంకొకటి ముక్కుతో. ఇక కణుజు (సాంబర్ అనే పెద్ద దుప్పి) గనక తోక పైకెత్తి ‘ధాంక్’ మని గొంతు చించుకుందంటే, తల్లీ, నేనైతే బండి తాళం జేబులో వేసుకుని కూర్చుంటాను. కణుజు ఊరికే అరవదు. ఒకసారి అరిచి ఊరుకుంటే వేరు. ఉన్నచోటే నిలబడి మళ్ళీ మళ్ళీ అరుస్తుంటే మాత్రం అది పులినో చిరుతనో కళ్ళతో చూస్తోందన్నమాట.

మామూలుగా జరిగేది దీనికి పూర్తి తలకిందులు. ఒక జిప్సీ వాడు ‘అక్కడెక్కడో కనబడిందట’ అంటాడు, మిగతా బళ్ళన్నీ దుమ్ము లేపుకుంటూ అటు పరుగు. చేరేసరికి పులి వెళ్ళిపోయి ఉంటుంది. పాపం డ్రైవర్లను, గైడ్లను అనడానికి లేదు. పులిని చూపించకపోతే పార్టీ ముఖం మాడ్చుకుంటుందని, బక్షీసు పోతుందని వాళ్ళ భయం. అందుకే గేటు దగ్గరే నమస్తే పెట్టి, పేరడిగి, ‘భయ్యా, పులి కోసం పరిగెత్తొద్దు. నీళ్ళ దగ్గర ఆపు, అరుపు వినబడితే ఆపు, పిల్లలకి అన్నీ చూపించు’ అని చెప్పండి. గైడ్లలో చుట్టుపక్కల ఊళ్ళ గోండు, బైగా గిరిజన కుర్రాళ్ళు చాలామంది. మీరు అలా అడిగితే వాళ్ళకీ హుషారొస్తుంది, తేనెపట్టు దగ్గర్నుంచి ఎలుగు గోళ్ళ గీతల దాకా చూపిస్తారు.

దారి మీద అడుగుజాడ కనబడితే పాపకొక పని చెప్పండి. పులి ముద్ర మీదుగా టైరు గీత పోయిందా, టైరు గీత మీద పులి ముద్ర పడిందా? మొదటిదైతే ఆ పులి పోయాక బండి తిరిగింది, పాత కబురు. రెండోదైతే చివరి బండి తర్వాతే అది నడిచింది. అప్పుడు మాత్రం అందరూ నోళ్ళు మూసుకోవాలి. మెత్తటి మట్టిదారి అంటే పులికీ ఇష్టమే, పాదానికి ముల్లు గుచ్చుకోదు కదా.

జనవరిలో కాన్హా అంటున్నారు గనక ఇంకో సంగతి. పులి బాగా కనబడేది ఏప్రిల్, మే నెలల్లో. గడ్డి ఎండి, నీళ్ళు తగ్గి జంతువులన్నీ గుంటల దగ్గరకు చేరతాయి. సంక్రాంతికి ఆ సౌకర్యం లేదు. కానీ చలికాలంలో మరో తమాషా ఉంది, అది పులి కన్నా అరుదని నా లెక్క. గట్టినేల బారసింగా అనే జింక! డిసెంబరు, జనవరిల్లో మగవాటికి జతకట్టే కాలం. కొమ్ములతో గడ్డి పెకలించి, ఆ గడ్డి కొమ్ములకు వేలాడుతుండగా పచ్చికబయళ్ళలో అరుస్తూ తిరుగుతాయి. ఉత్తరాదిన ఉండే దీని దాయాదులు బురదనేలల్లో బతుకుతాయి. ఇది మాత్రం గట్టి నేల మీద తిరగడానికి అలవాటు పడ్డ రకం. 1970 నాటికి ఇది కాన్హాలో 66కి పడిపోయింది. పులీ నక్కా దూరకుండా కంచె కట్టి లోపల పెంచారు, లోపలి ఊళ్ళను బయటికి తరలిస్తే ఆ పొలాలు గడ్డిమైదానాలయ్యాయి. ఇప్పుడు అక్కడ వెయ్యి దాటాయి. సాత్పురా అడవికీ పంపారు. మధ్యప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే. ఊళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళ మాట ఏ బోర్డు మీదా పెద్దగా కనబడదు. మైదానంలో ఆగినప్పుడు పిల్లలకు ఆ సంగతీ చెప్పండి.

ఇక కారు సంగతి. కోర్ అడవిలోకి సొంత కారు రానివ్వరు. రిజిస్టరైన జిప్సీ, గైడు ఉండాలి. ఒక బండికి ఆరుగురు, మీ అయిదుగురికీ చక్కగా సరిపోతుంది. పర్మిట్లు ఆన్‌లైనులో ముందే తీయాలి, పండగ రోజులకు బేగి అయిపోతాయి. పర్మిట్‌లో పేరు పెట్టిన గుర్తింపు కార్డే, అదీ నకలు కాదు అసలుది, వెంట ఉండాలి. బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు, క్యాలెండరు చూసి బయల్దేరండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎలాగూ మూసే ఉంటుంది.

అలాగని మీ కారు ప్రయాణం దండగ కాదు. విజయనగరం, సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ 300 కిలోమీటర్లు. సాలూరు దాటాక ఘాటులో జనవరి పొద్దుటి మంచు గోడలా నిలబడుతుంది. ఎండ వచ్చాకే ఎక్కండి. ఆ రాత్రి జగదల్‌పూర్‌లో ఉండిపోండి. పక్కనే కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం ఉంది, 200 చదరపు కిలోమీటర్లు, 1982లో ప్రకటించారు. మనిషి గొంతును అనుకరించే కొండమైనా దాని ప్రత్యేకత. కుటుంసర్ గుహలోకి మెట్లు ఇరుకు, అత్తగారు తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర పైనే కూర్చుంటే సరి. మర్నాడు జాతీయ రహదారి 30 పట్టుకోండి. కేశ్‌కాల్ ఘాటు, కాంకేర్, రాయపూర్, కవర్ధా, చిల్పీ దాకా అదే రోడ్డు. కవర్ధాలో ట్యాంకు నింపుకుని, వెలుతురుండగానే చిల్పీ దాటి సుప్‌ఖార్ మీదుగా కాన్హా ముక్కీ గేటుకు చేరండి. ఈ చివరి ముక్క అడవిలోంచే. అక్కడ మీ కారే మీ సఫారీ బండి. అద్దాలు కొంచెం దించి, పాటలు ఆపి, ముప్పై దాటకుండా నడపమనండి. అడవిదున్నలు రోడ్డు దాటుతుంటే ఆగండి, చివరిది దాటిందనుకున్నాక ఇంకాస్త ఆగండి. దూడ ఎప్పుడూ వెనకే ఉంటుంది. బాబుకైతే తీగల మీద పాలపిట్టల్ని లెక్కపెట్టే పని అప్పగించండి, రాయపూర్ దాకా నోరెత్తడు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఘాట్ల మీద కోతులకు అరటిపండ్లు, చెగోడీలు విసరొద్దు. పుణ్యం కాదది. తిండికి రోడ్డెక్కిన కోతి వెనక లారీ కింద పడుతుంది, దాన్ని తినడానికొచ్చిన నక్క దాని వెనక లారీ కింద పడుతుంది. అలాంటివి రోడ్డు మీంచి తీసి పక్కన పెట్టడం మా డ్యూటీలో భాగంగా ఉండేది.

అత్తగారిని నిక్షేపంగా తీసుకెళ్ళండి. జిప్సీలో వెనకాఖరి వరస ఇరుసు మీదుంటుంది, నడుం విరిగిపోతుంది. ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఎక్కేటప్పుడు చిన్న స్టూలు అడగండి, ఇస్తారు. గైడు చెప్పిన చోట తప్ప మధ్యలో దిగడానికి లేదు కాబట్టి తెల్లారగట్ట కాఫీ ఒక్క గ్లాసుతో ఆపమనండి. మనం విశాఖలో చలి అనుకునేది చలే కాదు. జనవరి తెల్లవారుజామున కాన్హా మైదానాల్లో మంచు గడ్డ కట్టేంత పనవుతుంది, పైగా జిప్సీకి టాపుండదు. శాలువా చాలదు. మంకీ క్యాపు, గ్లౌజులు, ఒక దుప్పటి. తెల్లచొక్కాలు, ఎర్ర స్వెట్టర్లు వద్దు. చెగోడీ పొట్లం గదిలోనే వదిలేయండి, ఆ కరకర కణుజుకు ఫర్లాంగు దూరం వినబడుతుంది.

ప్రశ్న: తాతా, నేను ఎనిమిదో తరగతి. మాది మధురవాడ. కంబాలకొండలో చిరుత ఉందని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా, కోతలా?

జవాబు: నిజమేరా మనవడా. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి అది, 2002లో అభయారణ్యం అయింది. దుప్పులున్నాయి, అడవిపందులున్నాయి, అంచుల్లో ఊరకుక్కలున్నాయి. చిరుతకు ఇంతకన్నా ఏం కావాలి? పగలు రాళ్ళ నీడన పడుకుని రాత్రి తిరుగుతుంది గనక నీకు కనబడటం కష్టం. అమ్మానాన్నలతో పొద్దున్నే గేటు తీసే వేళకు వెళ్ళు. కాలిబాట దాటి పొదల్లోకి మాత్రం వెళ్ళకు. చిరుతను తీరిగ్గా చూడాలనుంటే ఆ పక్కనే జూ ఉంది కదా.

ప్రశ్న: బాబాయిగారూ, గోపాలపట్నం నుంచి రాస్తున్నాను. మా ఆవిడ పుట్టిల్లు రాయగడ. పార్వతీపురం, కొమరాడ మీదుగా కారులో వెళ్తుంటాం. సాయంత్రం పూట ఏనుగులు రోడ్డెక్కుతున్నాయంటున్నారు. ఎదురైతే ఏం చెయ్యాలి?

జవాబు: ఒడిశా వైపు నుంచి వచ్చిన మంద అది. కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో చెరుకు, అరటి, వరి ఎక్కడుంటే అక్కడ తిరుగుతోంది. చీకటి పడకముందే ఆ ముక్క దాటెయ్యడం ఉత్తమం. ఎదురైతే దూరంగానే ఆపండి. హారన్ కొట్టొద్దు, లైట్లు ఆర్పి వెలిగించి ఆడొద్దు, సెల్ఫీకని దిగొద్దు. ఇంజను ఆన్‌లోనే ఉంచి, వెనక్కి పోవడానికి చోటు చూసుకోండి. వెనక బండి మీకు అంటుకుని నిలబడితే ముందుగా ఆ బండివాణ్ణి వెనక్కి పొమ్మనండి. చెవులు ఆడిస్తూ మేస్తుంటే దానికి మీతో పనిలేదు. చెవులు రెండూ విప్పి, తల ఎత్తి మీకేసి తిరిగి నిలబడితే మాట్లాడకుండా రివర్సు. పిల్ల ఒక వైపు, తల్లి ఒక వైపు ఉంటే మధ్యలోంచి దూరిపోదామన్న ఆలోచన కలలోకి కూడా రానివ్వొద్దు. ఏనుగు చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం మహా గట్టిది. బండిలో పనసపండో అరటిగెలో ఉంటే ఆ దారిన పోకండి బాబూ, మామగారింటికి స్వీట్లు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: పిల్లలకు బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాం. ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని ఉన్నవి చవగ్గానే దొరుకుతున్నాయి. ఏది తీసుకోమంటారు? — అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: ఇరవై, ముప్పై వద్దు. ఎంత ఎక్కువ పెద్దది చేసి చూపిస్తే చేతి వణుకునూ అంత పెద్దది చేస్తుంది, కదిలే జిప్సీలో చెట్లు డ్యాన్సు చేయడం తప్ప ఏమీ కనబడదు. ‘8×42’ అని రాసున్నది అడగండి. ఎనిమిది రెట్లు చాలు. 42 మిల్లీమీటర్ల అద్దం తెల్లారగట్ట మసక వెలుతురులో కూడా బాగా పట్టిస్తుంది. చిన్నవాళ్ళ మెడకు బరువనిపిస్తే ‘8×32’ తీసుకోండి. కొనేముందు పిల్ల కళ్ళ మధ్య దూరానికి అది మడతపడుతుందో లేదో షాపులోనే పెట్టి చూపించండి, చాలావాటికి అక్కడే తేడా వస్తుంది. ఇద్దరు పిల్లలుంటే రెండు కొనండి. కణుజు అరిచినప్పుడు బండిలో ‘నాకియ్యి, నాకియ్యి’ అని కొట్టుకుంటే గైడు మీకేం చూపించలేడు.