పాఠకుల ప్రశ్నలు: భూకంప లేఖినులు చేసిన దౌత్యం

ప్రశ్న: 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర భూకంపం వచ్చినప్పుడు మా ఇల్లు కూడా కదిలింది. అలాంటి కంపనాలను నమోదు చేసే యంత్రాలే ఒకప్పుడు అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య రాజీకి దారి తీశాయని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా? మనకూ పాకిస్థాన్‌కూ మధ్య అలాంటిది సాధ్యమా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ లెక్చరర్ చెప్పింది నిజమే. 1963లో ఆ రెండు దేశాలు బ్రిటన్‌తో కలిసి గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించుకున్నాయి గానీ, భూగర్భ పరీక్షలను మాత్రం వదిలేశాయి. ఎదుటివాడు దొంగచాటుగా పేలిస్తే పట్టుకోవడమెలా అన్న అనుమానమే దానికి ముఖ్య కారణం. సోవియట్ ప్రభుత్వమేమో తనిఖీల పేరుతో గూఢచర్యం జరుగుతుందని భయపడేది.

నిజానికి కంపనాల గీతలో పేలుడు వదిలే గుర్తులు వేరు, భూకంపం వదిలే గుర్తులు వేరు. పేలుడు చుట్టూ ఉన్న రాతిని ఒక్కసారిగా అన్ని దిక్కులకూ నెడుతుంది కనుక, సీస్మోగ్రాఫ్ (భూకంప లేఖిని) గీతలో మొదట వచ్చే తరంగం బలంగా ఉంటుంది. భూకంపంలో రాతిపొరలు పగులు వెంట ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి కనుక, వెనక వచ్చే, నేలను పక్కలకు ఊపే అడ్డ తరంగాల వాటా ఎక్కువ. చిక్కంతా చిన్న పేలుళ్లతోనే. వాటిని పసిగట్టాలంటే పరికరం దగ్గరలో ఉండాలి.

ఆ పరికరాన్ని 1986 జూలైలో అమెరికా శాస్త్రవేత్తలు కజకిస్థాన్‌లోని సెమిపలాటిన్స్క్ అణుపరీక్షా క్షేత్రానికి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, సోవియట్ సైన్స్ అకాడమీ సహకారంతో పాతారు. ఒప్పందం కుదుర్చుకున్నది అమెరికా ప్రభుత్వం కాదు, ఎన్‌ఆర్‌డీసీ అనే స్వచ్ఛంద సంస్థ. ఆ చొరవ నాకు ఎంతో గొప్పదిగా కనిపిస్తుంది. రెండేళ్లకు ప్రభుత్వాలే ముందుకొచ్చాయి: 1988 ఆగస్టులో నెవాడాలో, సెప్టెంబర్‌లో సెమిపలాటిన్స్క్‌లో జరిగిన పేలుళ్ల తీవ్రతను ఒకరి గడ్డ మీద మరొకరు కొలిచారు. భూగర్భ పరీక్షల పేలుడు శక్తి 150 కిలోటన్నులు (లక్షా యాభై వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం) దాటకూడదంటూ 1974లో సంతకాలు చేసి పక్కన పెట్టిన ఒప్పందం చివరికి 1990లో అమల్లోకి వచ్చింది. అయితే మాస్కోలో సోవియట్ నేతగా గోర్బచేవ్ లేకపోతే ఆ పరికరాలకు వీసా కూడా దొరికేది కాదని గుర్తుంచుకోవాలి. నాయకులు సిద్ధపడ్డ రోజున ఇద్దరూ కాదనలేని కొలత చేతికందేలా ఉంచడమే శాస్త్రవేత్తలు చేయగలిగిన పని.

ఇక మన సంగతి. జెనీవా దగ్గరి అంతర్జాతీయ కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్‌లో పాకిస్థాన్ 2015 నుంచి, భారత్ 2017 నుంచి అసోసియేట్ సభ్యులు. కానీ అంత దూరం వెళ్లనక్కరలేదు. 2005 అక్టోబర్ 8 నాటి కశ్మీర్ భూకంపం నియంత్రణ రేఖకు రెండు వైపులా ప్రాణాలు తీసింది. హిమాలయాల భూకంప సమాచారాన్ని రెండు దేశాల శాస్త్రవేత్తలు ఎప్పటికప్పుడు పంచుకోవడం దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.