పత్తి కట్టెతో కార్బన్ డయాక్సైడ్ సెల్ నడుస్తుందా?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తూ మీరు అడిగింది ఇది: కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చే సెల్‌లో, ఆనోడ్ (ఆక్సీకరణం జరిగే ఎలక్ట్రోడ్) దగ్గర నీటి నుంచి ఆక్సిజన్ తీసే బదులు పత్తి కట్టె నుంచి వచ్చే పదార్థాన్ని ఆక్సీకరణం చేస్తే విద్యుత్ ఆదా అవుతుందా?

అవుతుంది. చంద్రపూర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను కొన్నాళ్లు ఇదే పని చేశాను. థర్మల్ పొగ గొట్టాలు, ఏరివేత అయ్యాక పొలాల్లో తగలబెట్టే పత్తి కట్టె, రెండూ కళ్లముందే ఉన్న జిల్లా మనది. ఈ రెండింటినీ ఒకే సెల్‌లో కలపాలన్న ఆలోచన నాకు చాలా ఇష్టం.

ఆ సెల్ తినే విద్యుత్‌లో ఎక్కువ భాగం నీటి నుంచి ఆక్సిజన్ లాగడానికే పోతుంది. 2019లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాల్ కెనిస్ బృందం ఆ చోట గ్లిసరాల్ (గ్లిసరిన్) వాడితే విద్యుత్ ఖర్చు 53 శాతం దాకా తగ్గుతుందని చూపింది. కానీ మీకు అంత రాకపోవచ్చు. మనకు అందుబాటులో ఉండే నికెల్ ఫోమ్ మీద అసలు పని చేసేది నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్. అది ఏర్పడటానికే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి సుమారు 1.35 వోల్టులు కావాలి. అంటే ఆక్సిజన్ తీయడంతో పోలిస్తే ఆదా అయ్యేది 0.2 వోల్టు దగ్గరే.

పత్తి కట్టెను నేరుగా పెట్టొద్దు. యాసిడ్‌తో ఉడికించి తీసిన ద్రవంలో లిగ్నిన్ ముక్కలు ఉంటాయి, అవి ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తాయి. కట్టెలోని చక్కెరల నుంచి వచ్చే హెచ్‌ఎంఎఫ్ (హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరాల్) శుద్ధంగా ఉన్నా గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఊరికే ఉంచితే టీ డికాక్షన్ రంగుకు తిరిగి పాడవుతుంది. సెల్ ఆన్ చేయబోయే ముందు అప్పటికప్పుడు కలపాలి. మొదట గ్లిసరాల్‌తో, తర్వాత గ్లూకోజ్‌తో, ఆ తర్వాతే కట్టె ద్రవంతో ప్రయత్నించండి. థర్మల్ పొగ సంగతీ అంతే: అందులో కార్బన్ డయాక్సైడ్ 12–15 శాతమే, పైగా సల్ఫర్ ఉంటుంది. సిలిండర్ గ్యాస్‌తోనే మొదలుపెట్టండి.

నడుస్తుండగా వోల్టేజీ పెరుగుతూ పోతే అందరూ ఆనోడ్‌ను అనుమానిస్తారు. ముందు కార్బన్ డయాక్సైడ్ మారే వైపు ఉండే వెండి ఎలక్ట్రోడ్ (కాథోడ్) వెనక వైపు చూడండి. క్షారం కార్బన్ డయాక్సైడ్‌ను మింగి అక్కడ తెల్లటి కార్బొనేట్ ఉప్పు పేరుస్తుంది, గ్యాస్ దారి మూసుకుపోతుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (కొలతకు ఆధారంగా ఉండే, వోల్టేజీ మారని ఎలక్ట్రోడ్) పెట్టి రెండు వైపులా విడివిడిగా కొలిస్తే ఈ టెన్షన్ ఉండదు.

ఒక్క కరెంటు రీడింగ్ చూసి ఫలితం రాయకండి. గ్లిసరాల్‌లో ఎంత ఫార్మేట్‌గా (ఫార్మిక్ ఆమ్లపు లవణంగా) మారిందో తేలాలి. దానికి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కావాలి, మీ గైడ్‌తో మాట్లాడి స్లాట్ ఇప్పుడే బుక్ చేసుకోండి.