కొత్త స్పీకర్లలో బాస్ మోత ఎక్కువ, మాటలు స్పష్టంగా లేవు: సమాధానం

కొత్త 5 అంగుళాల స్పీకర్లు ఇచ్చేసి 8 అంగుళాలవి తెచ్చుకోవాలా అని అడిగారు (అంగుళాలంటే బాస్, అంటే లోతైన శబ్దం, ఇచ్చే పెద్ద కోన్ కొలత). లోపం స్పీకర్లది కాకపోవచ్చు. గోడకు ఆనించి, నేరుగా బల్ల మీద పెట్టానని రాశారు కదా, గోడా బల్లా కలిసి బాస్‌ను పెంచుతున్నాయి. 5 అంగుళాలవి ఇచ్చేసి 8 అంగుళాలవి తెచ్చుకుంటే ఆ మోత ఇంకా పెరగవచ్చు. దయచేసి తొందరపడకండి.

1. స్పీకర్ వెనుక గాలి రంధ్రం ఉంటే గోడకు కనీసం జానెడు దూరం జరపండి.

2. చాలామంది వదిలేసేది ఎత్తు. పైన ఉండే చిన్న ట్వీటర్ (పదునైన శబ్దం ఇచ్చే భాగం) మీ చెవికి సూటిగా ఉండాలి. కింద ఉంటే పదునైన శబ్దమంతా ఛాతీ వైపు పోతుంది, బల్లకు తగిలి వెనక్కి వచ్చిన శబ్దం మాటలను మసకబారుస్తుంది. స్పీకర్ల కింద రెండేసి లావుపాటి పుస్తకాలు పెట్టి, ఎవరైనా వార్తలు చదువుతున్న రికార్డింగ్ వినండి. నా బల్ల మీద మొదటి వాక్యానికే తేడా తెలిసింది. స, శ విడివిడిగా వినిపించాయి.

3. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కోదానికీ మీ తలకూ మధ్య అంతే ఉంచండి.

4. వెనుక బాస్ తగ్గించే స్విచ్ ఉంటే ఒక మెట్టు దించండి.

అప్పటికీ మోత తగ్గకపోతే మార్చుకోండి. అప్పుడైనా బల్లకు 4, 5 అంగుళాలవే తీసుకోండి.