ముందు ఛార్జీల లెక్క నేర్పండి, క్రిస్‌క్రాస్ తర్వాత

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అనీ, సోడియం క్లోరైడ్ దాటితే ఫార్ములాలు తప్పు రాస్తోందనీ, వేలెన్సీ టేబుల్ మొత్తం బట్టీ పట్టించాలా అనీ అడిగారు. నా మాట వినండి, ఆ టేబుల్ పక్కన పెట్టండి. క్రిస్‌క్రాస్ పద్ధతిని, అంటే ఒకదాని ఛార్జి అంకెని రెండోదాని కింద రాసేయడాన్ని, కూడా కొన్నాళ్లు దగ్గరికి రానివ్వకండి.

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే ఒకమ్మాయికి అల్యూమినియం ఆక్సైడ్ అంటేనే టెన్షన్. ఒకరోజు పుస్తకం మూయించి, ప్లస్‌లకి చింతగింజలు, మైనస్‌లకి సెనగలు చేతికిచ్చాను. అల్యూమినియానికి మూడు ప్లస్‌లు, ఆక్సిజన్‌కి రెండు మైనస్‌లు. జత లేకుండా ఒక్క గింజా మిగలకూడదు. ముందు ఒక్కొక్కటి పెట్టింది, చింతగింజ ఒకటి మిగిలింది. ఇంకో ఆక్సిజన్ పెట్టింది, ఈసారి సెనగ మిగిలింది. నేను నోరు మెదపలేదు. మరో అల్యూమినియం, మరో ఆక్సిజన్ చేరేసరికి ఆరుకి ఆరు సరిపోయాయి. "రెండు అల్యూమినియాలు, మూడు ఆక్సిజన్లు! ఇంతేనా మేడమ్?" అంది. ఆ వెంటనే మెగ్నీషియం నైట్రైడ్ తనంతట తనే రాసేసింది.

క్రిస్‌క్రాస్‌లో కాల్షియం ఆక్సైడ్‌కి రెండు, రెండు వస్తాయి. కొట్టేయమంటారు, ఎందుకో చెప్పరు. అది అలవాటైన పిల్లలు సోడియం పెరాక్సైడ్‌లో (Na2O2) రెండ్లని కూడా కొట్టేస్తారు. అక్కడ రెండు ఆక్సిజన్లూ కలిసి ఒకటే అయాన్ (ఛార్జి ఉన్న కణం), విడదీయడానికి వీల్లేదు.

బ్రాకెట్ దగ్గరా ఇదే గొడవ. కాల్షియం హైడ్రాక్సైడ్‌కి, అంటే మన తడి సున్నానికి, OH చుట్టూ బ్రాకెట్ పెట్టకపోతే చివరి రెండు అంకె హైడ్రోజన్‌కే చెందుతుంది, ఆక్సిజన్ ఒక్కటే ఉన్నట్టవుతుంది. మార్కు కోసేవాళ్లే గానీ ఎందుకు తప్పో పక్కన రాసే టీచర్లు తక్కువ.

ఇక పేర్లు. "కాల్షియం డైక్లోరైడ్" అని వింటే నాకు ఒళ్లు మండుతుంది. డై, ట్రై లాంటివి కార్బన్ డయాక్సైడ్ తరహా, లోహం లేని వాటికి. కాల్షియం ఛార్జి ఎప్పుడూ రెండే కాబట్టి క్లోరైడ్లు ఎన్నో వేరే చెప్పక్కర్లేదు. ఇనుము, రాగి అలా కాదు, ఛార్జి మారుతుంది, అందుకే ఎంతో పేరులోనే చెప్పాలి. ఐరన్ మాత్రల్లో వాడే ఫెర్రస్ సల్ఫేట్, పుస్తకంలోని ఐరన్ టూ సల్ఫేట్ ఒకటేనని పిల్లలకి ఎవరూ చెప్పరు.

బట్టీ అంటారా, సల్ఫేట్, నైట్రేట్, కార్బొనేట్, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్, అమ్మోనియం, ఈ ఆరూ ఛార్జీలతో సహా కంఠతా రావాలి. సోడియం, కాల్షియం, క్లోరిన్ లాంటివి ఆవర్తన పట్టికలో ఏ గ్రూపులో ఉన్నాయో చూస్తే ఛార్జి తెలిసిపోతుంది.