అఫ్గానిస్తాన్‌లో క్రికెట్ అంత వేగంగా ఎలా ఎదిగింది?

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో లెగ్ స్పిన్ వేసే కుర్రాళ్లు అఫ్గాన్ స్పిన్నర్ రషీద్ ఖాన్ పేరెత్తగానే ఈ ప్రశ్న వేస్తుంటారు. 2017 నుంచి 2019 వరకు సన్‌రైజర్స్ తరఫున ఉప్పల్‌లో అతని ఆట చూసినవాళ్లకు ఈ సందేహం రావడం సహజమే.

సోవియట్ యుద్ధకాలంలో లక్షలాది అఫ్గాన్లు సరిహద్దు దాటి పాకిస్తాన్‌లోని పెషావర్ చుట్టుపక్కల శిబిరాల్లో తలదాచుకున్నారు. పిల్లలు క్రికెట్ నేర్చుకున్నది అక్కడే. తోలు బంతి కొనే స్తోమత లేదు కాబట్టి టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టేవారు. టేపు పడితే బంతి బరువెక్కి వేగంగా దూసుకొస్తుంది. తమ్ముళ్లూ, మీరు ఆడే బంతీ అదే!

1995లో అఫ్గాన్ క్రికెట్ బోర్డు ఏర్పడింది. 2008లో చిన్న జట్లు ఆడే ప్రపంచ క్రికెట్ లీగ్ ఐదో డివిజన్ గెలిచిన జట్టు 2010లోనే టీ20 ప్రపంచకప్ ఆడింది, 2017లో టెస్టు హోదా పొందింది, 2024లో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్ చేరింది. సొంతగడ్డపై ఆడే వీలులేక షార్జా, గ్రేటర్ నోయిడా, డెహ్రాడూన్‌లను ఇల్లు చేసుకుని మరీ!

అయితే ఈ ఎదుగుదల సగమే. 2020లో బోర్డు 25 మంది మహిళలకు కాంట్రాక్టులిచ్చింది. మరుసటి ఏడాది తాలిబన్లు రావడంతో వారి ఆట ఆగింది. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే. వారిలో చాలామంది ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్నారు.