సుబ్రమణ్యపురం: బెయిల్ ఇప్పించినవాడికి బాకీ పడ్డ కుర్రాళ్లు

“కుర్రాళ్ల స్నేహం, ఊళ్లో గ్యాంగుల గొడవలు కలిసిన సినిమాల్లో మీకు నిజంగా నిజం అనిపించింది ఏది? ఎందుకు?” అని అడిగారు.

నా జవాబు సుబ్రమణ్యపురం. 2008 జులైలో వచ్చిన తమిళ సినిమా. ఎందుకో చెప్పాలంటే సినిమాతో పాటు నా స్నేహితుడి సంగతి కూడా చెప్పాలి. కథలో మలుపులు కొన్ని బయటపడతాయి కాబట్టి చూడనివాళ్లు ముందు చూసి వచ్చి చదవండి.

అప్పటికి నేను చెన్నైలో ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. నా రూమ్మేట్‌ది మదురై వైపు. “మా ఊరి సినిమా, రా” అని లాక్కెళ్లాడు. నాకు తమిళం అరకొరగా వచ్చు. తెరమీద నాకు తెలిసిన మొహం స్వాతి ఒక్కటే, టీవీలో కలర్స్ ప్రోగ్రామ్ చేసిన మన అమ్మాయి. దర్శకుడు శశికుమార్‌కి అదే మొదటి సినిమా. డబ్బు పెట్టిందీ ఆయనే, పరమన్ పాత్ర వేసిందీ ఆయనే. ఈ సంగతులన్నీ తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఏమీ తెలియకుండా వెళ్లి కూర్చున్నాను.

మొదటి సీన్లోనే 28 ఏళ్ల శిక్ష ముగించుకుని ఒక మనిషి జైలు గేటు దాటి బయటికొస్తాడు. వచ్చీ రాగానే కత్తిపోటు. అక్కణ్ణుంచి కథ 1980కి వెళుతుంది. అళగర్, పరమన్, కాశి, ఇంకో ఇద్దరు. పనీపాటా లేని కుర్రాళ్లు. తాగుతారు, తంతారు, తన్నులు తింటారు, పోలీసులు పట్టుకెళతారు. ప్రతిసారీ వాళ్లను విడిపించేది ఎదురింటి మాజీ కౌన్సిలర్ సోము తమ్ముడు కనుగు. అదే ఇంటి అమ్మాయి తులసిని అళగర్ ప్రేమిస్తాడు.

సోముకి రావాల్సిన పార్టీ పదవి ఇంకొకరికి పోతుంది. ఇంట్లో భార్య దెప్పిపొడుస్తుంది. ఆ దెప్పుళ్లు కనుగు చెవిన పడతాయి. కనుగు వచ్చి ఈ కుర్రాళ్ల ముందు బాధపడతాడు. అంతే. వాళ్లు వెళ్లి ఆ పదవి దక్కినవాణ్ణి చంపేస్తారు. డబ్బుకోసం కాదు, పగతోనూ కాదు. “మనల్ని ఇన్నిసార్లు విడిపించిన మనిషి, ఆయన బాధపడుతుంటే చూస్తూ ఊరుకుంటామా” అన్న ఒకే ఒక్క మాట మీద.

గ్యాంగ్ సినిమాల్లో కుర్రాళ్లు పేదరికం వల్లో, కోపం వల్లో, చిన్నప్పుడు జరిగిన అన్యాయం వల్లో కత్తి పట్టడం చాలాసార్లు చూశాం. కృతజ్ఞతతో కత్తి పట్టడం నేను చూసింది ఈ సినిమాలోనే. నా అనుభవంలో నిజం కూడా అదే.

మాది గుంటూరు. ఇంటర్లో మేం నలుగురం ఒక జట్టు. సాయంత్రం అయితే సైకిళ్లు వేసుకుని టీ కొట్టు దగ్గర చేరేవాళ్లం. మాలో ఒకడు బాగా దూకుడు మనిషి, అంతే మంచివాడు. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు వాడే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. ఒకసారి కొత్త సినిమా టికెట్ల క్యూలో కొట్లాట అయింది. పోలీసులు వీణ్ణి పట్టుకెళ్లారు. రాత్రి పదకొండు దాటాక మా పేటలో ఒక చోటా లీడర్ ఫోన్ చేసి విడిపించాడు. మర్నాడు వాడన్న మాట నాకింకా గుర్తుంది. “అన్న లేకపోతే రాత్రి నా వీపు విమానం మోత మోగేదిరా.”

ఆ తర్వాత వాడు టీ కొట్టు దగ్గరికి రావడం తగ్గించి లీడర్ ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట బ్యానర్లు కట్టే పని, మీటింగుకి జనాన్ని పోగేసే పని. తర్వాత అద్దె కట్టని షాపు ఖాళీ చేయించడానికి పదిమందితో వెళ్లి నిలబడే పని. “నేనేం కొట్టను, ఊరికే వెనక నిలబడతాను” అనేవాడు. అలాంటి ఒక గొడవలో ఎదుటివాడి తల పగిలింది. హత్యాయత్నం కేసు పెట్టారు, వీణ్ణి సబ్ జైల్లో వేశారు. లీడర్ ఊళ్లో లేడని చెప్పారు. నిజానికి ఊళ్లోనే ఉన్నాడు.

ఒక రాత్రి వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. లాయర్‌కి డబ్బు కావాలి. నాన్న తన దగ్గరున్నది కొంత ఇచ్చి పంపించారు. ఆవిడ వెళ్లాక నాతో “నువ్వు మాత్రం ఆ జైలు ఛాయలకి వెళ్లకు” అన్నారు. నాకు పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. వెళ్లలేదు. పరీక్షలయ్యాక కూడా వెళ్లలేదు. చివరికి ఆవిడ మెడలో ఉన్నది కుదువపెట్టి వాణ్ణి బెయిల్ మీద బయటికి తెచ్చుకుంది. కేసు తర్వాత రాజీ అయింది. మా స్నేహం మాత్రం మునుపటిలా కాలేదు.

ఇప్పుడు సినిమాకి వద్దాం. అళగర్, పరమన్ జైల్లో కూర్చుని కనుగు కోసం ఎదురుచూస్తారు. ఈసారి కనుగు రాడు. అప్పటిదాకా హాల్లో ఈలలు, చప్పట్లు. అక్కడికొచ్చేసరికి నా గొంతు పట్టేసింది. రూమ్మేట్ నా వైపు తిరిగి ఏమైందని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

అక్కడితో ఆగితే అది మోసపోయినవాళ్ల కథే అయ్యేది. వాళ్లను బెయిల్ మీద బయటికి తెచ్చేది జైల్లోనే పరిచయమైన ఇంకొకాయన. ఆయన మంచిగానే చూస్తాడు. కానీ ఆ బెయిల్‌కీ ఒక ఖరీదు ఉంది, ఇంకో హత్య. ఒక బాకీ తీర్చబోయి ఇంకో బాకీలో పడతారు. వాళ్ల పతనం నిజానికి ఇక్కడే పూర్తయిందని నాకనిపిస్తుంది. మిగిలిందంతా దాని వెంట వచ్చేదే.

తులసిని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. అళగర్‌ని చావు దగ్గరికి పిలిచింది ఆమే కాబట్టి “అమ్మాయిని నమ్మితే ఇంతే” అంటారు. నేను ఒప్పుకోను. ఆ పిల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఎవరు? తండ్రి, కత్తి పట్టడానికి వెనకాడని బాబాయి. ఆ ఇంట్లో కాదనే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? కథ సగం దాకా ఆమె చూపులు, నవ్వులే చూపించి, ఆ తర్వాత ఆమె మొహంలో వచ్చే మార్పును స్వాతి చేసిన తీరు చూడండి. ఏడుపు నటించడం కాదది, తనేం చేస్తోందో తెలిసి చేస్తున్న మనిషి మొహం.

ఇక కాశి, చివర్లో స్నేహితుణ్ణే పట్టించేవాడు. ఆ పాత్ర వేసిన గంజా కరుప్పు తమిళవాళ్లకి నవ్వించే నటుడు. అందరం అతని మాటలకి నవ్వుతూ ఉంటాం కాబట్టి అతన్ని కనిపెట్టం. రెండోసారి చూస్తే తెలుస్తుంది, డబ్బు దగ్గర, భయం దగ్గర వాడు మిగతావాళ్లకంటే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. అలాంటివాడు ప్రతి జట్టులోనూ ఉంటాడు. వాడు రాక్షసుడేం కాదు, బలహీనుడు. నేను పరీక్షల పేరు చెప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకెంతుందో తెలియదు గానీ, కాశిని చూస్తే నాకు అసహ్యం కంటే భయం ఎక్కువ వేస్తుంది.

తర్వాత ఉద్యోగం మీద రెండేళ్లు మదురైలో ఉన్నాను. సుబ్రమణ్యపురం నిజంగా అక్కడున్న పేటే, జైహింద్‌పురం పక్కన. సెలవు రోజు ఆ వీధుల్లో తిరిగాను. ఇరుకు సందులు, ఎదురెదురు గుమ్మాలు. ఎదురింట్లో ఎవరు నవ్వారో, ఎవరు ఏడ్చారో తెలియకుండా ఉండే వీలే లేదు. అళగర్, తులసి ఎక్కువగా చూపులతోనే ప్రేమించుకోవడం, ఆ సంగతి అందరికంటే ముందు పరమన్ కనిపెట్టి వద్దనడం, అంతా ఆ గుమ్మాల దూరంలోనే ఉంది. అక్కడ ఒక టీ కొట్టాయన నాతో తెలుగులో మాట్లాడాడు. తరతరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబమట. అతని తెలుగు సగం అర్థమైంది, కానీ ఎంత సంతోషమేసిందో.

అందుకే మనకి దీన్ని డబ్ చేసి “అనంతపురం 1980” అని పేరు పెట్టడం నాకు నచ్చలేదు. పేరు అనంతపురం, కనిపించే గుడీ జాతరా జనం మదురై. వీలైతే తమిళంలోనే సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఆ గెడ్డాలు, బెల్‌బాటం ప్యాంట్లు, రజనీ కొత్త సినిమా ఆడుతున్న హాల్లో గోల, ఇళయరాజా పాట, ఇవి అలంకారం కోసం పెట్టినవి కావు. ఆ కుర్రాళ్లకి ఉన్న లోకమే అంత. హిందీలో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ తీసిన అనురాగ్ కశ్యప్ తన సినిమా మొదట్లో తమిళ దర్శకులు బాలా, అమీర్‌లతో పాటు శశికుమార్‌కీ కృతజ్ఞతలు చెప్పింది ఊరికే కాదు.

నా స్నేహితుడు ఇప్పుడు గుంటూరులోనే టెంట్‌హౌస్ నడుపుతున్నాడు. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో కలిశాం. నేనే ఈ సినిమా సంగతి ఎత్తాను. టీవీలో డబ్బింగ్ చూశానన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “ఆ జైలు సీను కరెక్టేరా. రాడని మనసుకి తెలుసు. అయినా గేటు చప్పుడైనప్పుడల్లా తల అటే తిరుగుతుంది.”

ఎవరి కోసం తిరిగిందని నేను అడగలేదు. వాడే చెప్పాడు. “లీడర్ కోసం కాదు, మీ ముగ్గురి కోసం.”